ఒకే వాడలో మూడు టీబీ కేసులు: పంచాయతీ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: "మాది నల్గొండ జిల్లా, దేవరకొండ వైపు ఒక పంచాయతీ. రెండు తండాలు కలిపి జనాభా 2,600. నేను సెక్రటరీగా వచ్చి ఏడాదైంది. ఈ ఏడాది మూడు టీబీ కేసులు వచ్చాయి, మూడూ ఒకే వాడలో. టీబీ ముక్త్ పంచాయతీకి మా పేరు పంపమని పైనుంచి అడుగుతున్నారు. ఇంకా వెతికితే ఇంకెన్ని బయటపడతాయోనని టెన్షన్‌గా ఉంది. అసలు ఊళ్లో టీబీని ఎలా ట్రాక్ చేయాలి?"

అమ్మా, నేను ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో టీబీ ప్రోగ్రాం సూపర్‌వైజర్‌గా, అంటే ఎస్‌టీఎస్‌గా, ఇరవై ఏళ్లకు పైగా బండి మీద తిరిగి రిటైరైన మనిషిని. మీ టెన్షన్‌కు కారణమైన లెక్క దగ్గరే మొదలుపెడతాను.

టీబీ ముక్త్ పంచాయతీకి, అంటే టీబీని అదుపులో పెట్టిన ఊరిగా సర్కారు ఇచ్చే గుర్తింపుకు, ఆరు కొలతలున్నాయి. ఏడాదిలో వెయ్యి జనాభాకు కనీసం 30 మందికి పరీక్ష జరగాలి. కేసులు వెయ్యికి ఒకటి దాటకూడదు. మందులు మొదలుపెట్టిన నూరు మందిలో 85 మందికి నయం కావాలి. మందులకు క్రిమి లొంగుతుందో లేదో చూసే పరీక్ష నూటికి 60 మందికైనా జరగాలి. పోషణ డబ్బు, ఆహార సాయం అందరికీ అందాలి. మీ ఊరికి లెక్క కడితే పరీక్షలు 78, కేసులు రెండు. మీకు మూడు వచ్చాయి కాబట్టి ఆ గుర్తింపుతో ఇచ్చే కంచు గాంధీ విగ్రహం ఈ ఏడాది రాదు. అది వరుసగా నిలబెట్టుకుంటే రెండో ఏడు వెండిది, మూడో ఏడు బంగారు రంగుది ఇస్తారు. ఈ ఏడాదికి ఆ సంగతి మరిచిపోండి. మరిచిపోతే మీ చేతులు ఖాళీ అవుతాయి, పని మొదలవుతుంది.

ఆ ఆరింటిలో నేను నమ్మేది మొదటిదాన్నే. ఎందుకంటే కేసులు తగ్గించడానికి రెండు దారులున్నాయి. ఒకటి జబ్బును తగ్గించడం, దానికి ఏళ్లు పడుతుంది. రెండోది పరీక్షలు చేయకుండా ఊరుకోవడం, దానికి ఒక్క రోజు చాలు. నేను చూసిన ఒక మండలంలో మూడేళ్లు కేసులే లేవు. అందరూ మెచ్చుకున్నారు. తీరా చూస్తే ఆ మూడేళ్లూ తెమడ పంపే మనిషే లేడు. మా రోజుల్లో ఒక మోటు లెక్క ఉండేది: దగ్గుతో వచ్చిన నూరు మంది తెమడ చూస్తే సుమారు పది పాజిటివ్ రావాలి. ఇరవై వస్తే మనం ముదిరినవాళ్లనే చూస్తున్నట్టు, మిగతావాళ్లు ఇంట్లోనే ఉన్నట్టు. ఒకటీ రెండూ వస్తే దగ్గు లేనివాళ్ల ఉమ్మి డబ్బాల్లో పోసి లెక్క నింపుతున్నట్టు. ఇప్పుడు యంత్రాలు మారాయి, వెతికే పద్ధతి మారింది, ఆ అంకె మీకు అలాగే వర్తించదు. కానీ మీరు పెట్టే 78 పరీక్షల్లో ఎవరెవరున్నారో చూసుకోవడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. డిసెంబర్ ఆఖరి వారంలో ఉపాధి హామీ పని దగ్గర వరుసగా నిలబెట్టి 60 డబ్బాలు నింపించిన పంచాయతీలు నాకు తెలుసు.

2019 నుంచి 2021 వరకు దేశమంతా ఒక పెద్ద సర్వే జరిగింది. టీబీ లక్షణాలున్న నూరు మందిలో 64 మంది అసలు ఎక్కడా చూపించుకోలేదని అందులో తేలింది. ఛాతీ ఎక్స్‌రే తీయకపోయి ఉంటే దొరికిన కేసుల్లో 42 శాతానికి పైగా తప్పిపోయేవి, ఎందుకంటే వాళ్లకు చెప్పుకోదగ్గ లక్షణాలు లేవు. అందుకే 2024 డిసెంబర్ 7న మొదలైన వంద రోజుల కార్యక్రమంలో చేత పట్టుకునే ఎక్స్‌రే మిషన్లతో ఊళ్లకు వచ్చారు. మీ పీహెచ్‌సీ డాక్టరు గారిని అడిగి ఆ మిషన్‌ను ఒక్క రోజు మీ వాడకు తెప్పించుకోగలిగితే, అది నాలుగు అవగాహన ర్యాలీలతో సమానం. ర్యాలీలు నేనూ చాలా చేశాను. పిల్లలకు ఎండ, మనకు ఫోటో.

ఇక మీ మూడు కేసులు. మొదట ఒక్క విషయం కనుక్కోండి: మూడూ ఊపిరితిత్తుల టీబీయేనా? మెడ గడ్డల టీబీ, వెన్నెముక టీబీ ఒకరి నుంచి ఒకరికి అంటుకోవు. అవి ఎవరి దగ్గరి నుంచో వచ్చిన జబ్బుకు సాక్ష్యాలు మాత్రమే. ఊపిరితిత్తుల్లో ఉండి, తెమడలో క్రిమి కనిపించినవాళ్లే ఎక్కువగా గాలిలోకి వదులుతారు. మందులు వేసుకోని అలాంటి మనిషి ఏడాదిలో పది పదిహేను మందికి అంటిస్తాడని మాకు ట్రైనింగుల్లో చెప్పేవాళ్లు. అంటినవాళ్లందరికీ జబ్బు రాదు. జీవితం మొత్తం మీద నూటికి ఐదు నుంచి పది మందికే వస్తుంది, అందులోనూ అంటిన మొదటి రెండేళ్లలోనే ఎక్కువ.

ఈ రెండేళ్ల మాట దగ్గర ఆగండి. ఒకే వాడలో మూడు వచ్చాయంటే, బహుశా ఆ ముగ్గురికీ ఒకరి నుంచి ఒకరికి వచ్చి ఉండదు. ముగ్గురికీ ముందు ఇంకొకరు ఉండి ఉంటారు. కాబట్టి ఆ వాడలో పెద్దమనుషుల దగ్గర కూర్చుని "ఇక్కడ టీబీ ఎవరికుంది" అని అడగకండి, ఎవరూ చెప్పరు. "పోయిన రెండేళ్లలో దగ్గి దగ్గి చనిపోయినవాళ్లు ఎవరు, ఎండిపోయినవాళ్లు ఎవరు" అని అడగండి. చావుల రిజిస్టర్ మీ దగ్గరే ఉంది. "ఆయాసం", "దమ్ము", "బలహీనత" అని రాసి ఉన్నవాటి మీద వేలు పెట్టండి. నా అనుభవంలో సగం సార్లు అసలు మనిషి రిజిస్టర్‌లో అలాగే దొరికాడు, అప్పటికే పోయి.

తర్వాత ఆ ముగ్గురూ రోజుకు ఎన్ని గంటలు ఎక్కడ గడుపుతారో రాసుకోండి. ఇళ్లు పక్కపక్కన ఉన్నాయా అన్నది రెండో సంగతి. కల్లు కాంపౌండులో సాయంత్రాలు కూర్చుంటారా? ఒకే మేస్త్రీ కింద హైదరాబాద్‌లో రేకుల షెడ్డులో పడుకున్నారా? మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో హమాలీ పనికి కలిసి పోయారా? రాయి క్రషర్ దగ్గర పనిచేశారా? రాతి పొడి పీల్చేవాళ్లకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ ప్రమాదం చాలా ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లకు రెండు మూడు రెట్లు. ఒకే గ్లాసులో తాగితే, ఒకే కంచంలో తింటే అంటుకుంటుందని జనం అనుకుంటారు, గ్లాసులు వేరు చేస్తారు. కానీ కిటికీ లేని గదిలో రాత్రంతా పక్కనే పడుకుంటారు. మన తండాల్లో ఇప్పుడు కడుతున్న రేకుల గదులకు గాలి వచ్చే సందే ఉండదు. ఇంటి కొలతలకు వెళ్లినప్పుడు మీ సంతకానికి ముందు ఒక కిటికీ అడగండి. ఇది మందుల పుస్తకంలో ఉండదు, మీ చేతిలో ఉన్న పని.

ఆ ఇళ్లలో అందరికీ పరీక్ష జరిగాక, జబ్బు లేదని తేలినవాళ్లకు రాకుండా మందు ఇస్తారు. ఒకప్పుడు ఐదేళ్లలోపు పిల్లలకే ఇచ్చేవాళ్లం, 2021 నుంచి ఇంట్లోవాళ్లందరికీ ఇస్తున్నారు. రోజూ ఒక మాత్ర చొప్పున ఆరు నెలలు ఒక పద్ధతి, వారానికి ఒకసారి చొప్పున 12 వారాలు ఇంకో పద్ధతి. "జబ్బు లేదని మీరే అంటిరి, మళ్లీ మందెందుకు" అని కచ్చితంగా అడుగుతారు. నేను విత్తనానికి మందు పట్టించే ముచ్చట చెప్పేవాడిని. పత్తి రైతుకు అంతకంటే వివరించక్కర్లేదు. ఐదేళ్లలోపు పిల్లల విషయంలో మాత్రం బతిమాలైనా వేయించండి. వాళ్లకు టీబీ వస్తే మెదడు దాకా పోవచ్చు, తెమడ కూడా తీయలేరు కాబట్టి కనిపెట్టడం కష్టం.

తెమడ గురించి రెండు మాటలు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, తెమడలో రక్తం, ఇందులో ఏ ఒక్కటున్నా డబ్బా ఇవ్వాలి. పొద్దున లేవగానే, ఆరుబయట, గుండె నిండా గాలి పీల్చి లోపలి నుంచి తీయాలి. ఆడవాళ్లు పదిమందిలో ఖాకరించి ఉమ్మడానికి సిగ్గుపడి నోటి నీళ్లు పోసి ఇస్తారు, రిపోర్టు నెగటివ్ వస్తుంది, అందరూ సంతోషిస్తారు. వాళ్లకు గోడ చాటు చూపించి ఆశమ్మను పక్కన నిలబెట్టండి. పేరు డబ్బా మీద రాయాలి, మూత మీద రాస్తే ల్యాబ్‌లో మూతలు మారిపోతాయి. వీలైతే మైక్రోస్కోప్ పరీక్షతో సరిపెట్టకుండా క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ చేయమనండి. టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందా లేదా అన్నది కూడా అందులోనే తేలుతుంది. ఎక్స్‌రేలో మచ్చ ఉన్నవాళ్లకు దగ్గు లేకపోయినా తెమడ తీయించాలి.

ఇప్పుడు అసలు కష్టమైన చోటుకు వస్తాను. కేసు దొరకడం సగం పనే. మన ప్రాంతంలో మనిషి జారిపోయేది రెండో నెలలో.

మందు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు, ఇప్పుడైతే అన్నీ కలిపిన మాత్రలు బరువును బట్టి రోజూ ఇస్తున్నారు. నెలన్నర తిరిగేసరికి దగ్గు పోతుంది, ఆకలి పుడుతుంది, నాలుగు కిలోలు పెరుగుతారు. ఆ బలంతోనే పనికి పోతారు. మన ఇళ్లలో బాగవడమంటే పనికి పోగలగడమే కదా.

2008 ప్రాంతంలో, కొడంగల్ వైపు ఒక తండా. అప్పట్లో ఒక్కో పేషెంటుకు ఒక్కో మందుల పెట్టె వచ్చేది, కొత్త కేసుకు ఎర్రది, తిరగబెట్టిన కేసుకు నీలిది. రోజు మార్చి రోజు, ఆశమ్మ ముందరే మింగాలి. ఒకతనికి ఎర్ర పెట్టె ఇచ్చాం. మొదలుపెట్టినప్పుడు 38 కిలోలు, రెండు నెలలకు 43. తెమడ నెగటివ్ వచ్చింది. నేను రిజిస్టర్‌లో సంతోషంగా రాసుకున్నాను. తర్వాతి వారం వెళ్తే ఇంటికి తాళం. దసరా అయిపోయింది, మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చాడు, ముంబై బస్సెక్కారు. పెట్టెలో సగం మందులు సబ్ సెంటర్‌లో అలాగే ఉన్నాయి. రెండు నెలలు చూసి రూల్ ప్రకారం "డిఫాల్ట్" అని రాశాను. ఆ మాట చూడండి, బ్యాంకు అప్పు ఎగ్గొట్టినవాడికి వాడే మాట. తర్వాత దాన్ని మార్చారు, మంచి పని చేశారు.

ఉగాది దాటాక తిరిగొచ్చాడు. 36 కిలోలు, తెమడలో రక్తం. నీలి పెట్టె, రెండు నెలలు సూదులు, మొత్తం ఎనిమిది నెలలు. అతను బతికాడు. ముంబైలో అదే రేకుల షెడ్డులో పక్కన పడుకున్న అతని తండ్రి బతకలేదు. చిన్నపిల్లకు మెడలో గడ్డలు వచ్చాయి. తప్పు నాది. అతను పోతాడని ఊరందరికీ తెలుసు, బస్సు ఏ రోజో కిరాణా కొట్టు ఆయనకు కూడా తెలుసు. నేనే అడగలేదు. నా ప్రశ్నలన్నీ మాత్రల గురించే.

ఆ తర్వాత నేను ప్రతి కార్డు వెనక మొదటి రోజే మూడు సంగతులు రాసేవాడిని: మేస్త్రీ ఫోన్ నంబరు, భార్య పుట్టింటి ఊరు, పనికి ఎప్పుడు పోతారు. మీరూ రాయించండి. దేవరకొండ తండాల్లో హైదరాబాద్ బిల్డింగు పనులు, మిర్చి ఏరడం, రెండూ తెలిసిన సీజన్లే. పోవద్దని చెప్పకండి, మీ మాట విని ఇంట్లో కూర్చుంటే అప్పు ఎవరు కడతారు? పోయే ముందు చెప్పమనండి. ఇప్పుడు నిక్షయ్ పోర్టల్‌లో, అంటే సర్కారు ఆన్‌లైన్ టీబీ రిజిస్టర్‌లో, ప్రతి పేషెంటుకూ ఒక ఐడీ ఉంటుంది. దాన్ని పోయే ఊరికి ట్రాన్స్‌ఫర్ చేస్తే ముంబైలోనైనా, పుణేలోనైనా సర్కారు దవాఖానలో అవే మందులు ఉచితంగా ఇస్తారు. హెల్ప్‌లైన్ 1800 11 6666. చేతికి కొన్ని రోజుల మందులు ఎక్కువ ఇచ్చి పంపాలి, ఎందుకంటే అక్కడ దిగినరోజే దవాఖాన వెతుక్కోరు. పోయాక వారానికి ఆశమ్మ ఒక ఫోన్ చేయాలి. "మూత్రం ఎర్రగా వస్తోందా" అని అడిగితే మందు వేసుకుంటున్నదీ లేనిదీ తెలిసిపోతుంది, రిఫాంపిసిన్ అలా రంగు మారుస్తుంది. ఈ సంగతి మొదటి రోజే చెప్పాలి, లేకపోతే రక్తమనుకుని భయపడి మానేస్తారు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, రంగులు తేడాగా కనిపించినా మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. తాగేవాళ్లకు కాలేయం మీద ఇంకా ఎక్కువ కన్నేయాలి. కల్లు మానితేనే మందు ఇస్తాననేవాళ్లు ఉంటారు. అలా అంటే మందు మానేస్తాడు, కల్లు కాదు.

మీ ఊళ్లో ఆర్‌ఎంపీలు ఇద్దరైనా ఉంటారు. దగ్గు వచ్చినవాడు మొదట వాళ్ల దగ్గరికే పోతాడు, మీ దగ్గరికి కాదు. మా ఆఫీసర్లలో కొందరు వాళ్లను కసిరేవాళ్లు, దాంతో వాళ్లు పేషెంట్లను మాకు పంపడం మానేశారు. నేను వెళ్లి చాయ్ తాగి ఒకటే అడిగేవాడిని: రెండోసారి దగ్గు మందుకు వచ్చినవాడిని నా దగ్గరికి పంపు. పంపిన మనిషికి టీబీ అని తేలితే పంపినవాళ్లకు ప్రోగ్రాం నుంచి 500 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఇంకో మాట గట్టిగా చెప్పండి, టీబీ అనుమానం ఉన్న దగ్గుకు లీవోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాయొద్దని. దానితో నాలుగు వారాలు తగ్గినట్టుంటుంది, పరీక్షలో దొరకదు, జబ్బు లోపల పెరుగుతుంది. ప్రైవేటు డాక్టర్లు కేసును సర్కారుకు తెలపాలని 2012 నుంచే నిబంధన. మెడికల్ షాపు వాళ్లు టీబీ మందులు అమ్మితే హెచ్1 రిజిస్టర్‌లో, అంటే కొన్ని మందుల అమ్మకాలకు పెట్టే ప్రత్యేక పుస్తకంలో, రాయాలి. పట్నంలో ప్రైవేటుగా మందులు వాడుకుంటూ ఎవరి లెక్కలోనూ లేనివాళ్లు మీ ఊళ్లో ఒకరిద్దరు ఉండే ఉంటారు.

తిండి సంగతి నేను మొదట్లో పట్టించుకోలేదు, మాత్రలుంటే చాలనుకున్నాను. జార్ఖండ్‌లో జరిగి 2023లో ఫలితాలు వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూశాక సిగ్గేసింది. పేషెంటు ఇంట్లోవాళ్లకు నెలనెలా తిండి సరుకులు ఇస్తే, వాళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. అంటే కందిపప్పు కూడా టీబీ మందే. నిక్షయ్ పోషణ డబ్బు 2024 నవంబర్ నుంచి నెలకు 1,000 రూపాయలైంది. అది పడకపోవడానికి కారణం పది సార్లలో తొమ్మిది సార్లు బ్యాంకు ఖాతా: ఆధార్ లింకు లేదు, ఖాతా మూతపడింది, పేరులో ఒక అక్షరం తేడా. ఆ పని ఆశమ్మ చేయలేదు, మీరు చేయగలరు. రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తున్నాయి, మంచిదే, కానీ బియ్యంతో కండ రాదు. నిక్షయ మిత్రగా, అంటే టీబీ పేషెంట్లకు సరుకులిచ్చే దాతగా, ఊళ్లో రైస్ మిల్లు ఆయన్నో, ఎన్నారై కుటుంబాన్నో ఒప్పించి పప్పు, నూనె, పల్లీలు, గుడ్లు ఇప్పించండి, పేషెంటుకే కాకుండా ఆ ఇంటికంతా.

చివరగా ఒక జాగ్రత్త. పేషెంట్ల పేర్లు పంచాయతీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, గ్రామసభలో చదవకండి. సరుకులిస్తూ ఫోటో తీసే మిత్రలు ఉంటారు, వాళ్లను సున్నితంగా ఆపండి. ఒకసారి అలా ఫోటో వచ్చిన ఇంట్లో పెళ్లి సంబంధం తప్పిపోయింది, ఆ తర్వాత ఆ వాడలో ఒక్కరూ తెమడ డబ్బా ముట్టలేదు. పాత తరంవాళ్లకు టీబీ అంటే ఇంకా వికారాబాద్ అనంతగిరి గుట్టల దవాఖానే గుర్తొస్తుంది, పోతే తిరిగిరారని. మనిషిని ఊరి నుంచి పంపక్కర్లేదని, ఇంట్లో ఉండి మందులు వేసుకున్నా అంతే బాగవుతుందని మద్రాసులో 1950లలోనే రుజువు చేశారు. సరైన మందు మొదలుపెడితే వారాల్లోనే అంటించడం బాగా తగ్గిపోతుంది. గ్రామసభలో ఈ రెండు ముక్కలు చెప్పండి, పేర్లు ఆశమ్మ దగ్గరే ఉండనివ్వండి.

ఈ వారంలో చేయాల్సింది మాత్రం ఒకటే. ఆశమ్మను, ఏఎన్ఎంను వెంటబెట్టుకుని ఆ వాడకు పొద్దున ఆరింటికి వెళ్లండి, ఎనిమిది దాటితే అందరూ కూలికి పోతారు. ఆ మూడిళ్లకే పోకండి, దాంతో ఊరంతా వాళ్లవైపే చూస్తుంది. వాడ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టి ప్రతి ఇంట్లో దగ్గు అడగండి, ఐదేళ్లలోపు పిల్లలెందరో రాసుకోండి, డబ్బాలు ఇచ్చి మర్నాడు అదే టైమ్‌కు వచ్చి తీసుకోండి. ఎన్ని డబ్బాలు వచ్చాయో, ఎన్ని నిజంగా తెమడో, ఎన్ని ఉమ్మో ఇక్కడ రాయండి, తర్వాతి సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.